డీజిల్ ఇంజను ఇంధన వ్యవస్థ: ఉత్తర తెలంగాణలో ఎదురయ్యే లోపాలు, వాటి నిర్ధారణ

డీజిల్ ఇంజనులో ట్యాంకు నుంచి దహన గది వరకు ఇంధనాన్ని చేరవేసి, వడగట్టి, కొలిచి, తగిన క్షణంలో అధిక పీడనంతో చిమ్మే భాగాలన్నిటినీ కలిపి ఇంధన వ్యవస్థ అంటారు. పెట్రోలు ఇంజనులో మాదిరిగా ఇక్కడ మంటను రాజేసే స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండరులోకి పీల్చుకున్న గాలిని పిస్టను 16 నుంచి 22 రెట్ల వరకు కుదించినప్పుడు అది 500 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కుతుంది, ఆ వేడి గాలిలో సన్నని తుంపరగా పడిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. ఎంత డీజిల్ పడాలి, ఎప్పుడు పడాలి, ఎంత సన్నగా చీలి పడాలి అనే మూడు పనులూ ఇంధన వ్యవస్థవే కనుక వాటిలో ఏది తప్పినా ఇంజను లేవకపోవడం, లోడు లాగకపోవడం, పొగ చిమ్మడం, డీజిల్ ఎక్కువ తాగడం వంటి లక్షణాలు పైకి కనిపిస్తాయి.

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ప్రాంతం 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనతో ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా ఏర్పడింది. డీజిల్ ఇంజను నడిచే పరిస్థితులు ఇంత భిన్నంగా ఉండే ప్రాంతాలు రాష్ట్రంలో తక్కువ. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింది వరి మళ్లలో కేజ్‌వీల్స్ కట్టుకుని కరిగెట దున్నే ట్రాక్టర్లు, వానాకాలం, యాసంగి కోతల్లో రాత్రింబవళ్లు తిరిగే వరికోత యంత్రాలు, ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి చేను దున్ని పంటను మార్కెట్‌కు చేర్చే ట్రాక్టర్లు, రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ఏరియాల సింగరేణి ఉపరితల గనుల్లో మట్టిని, బొగ్గును మోసే డంపర్లు, కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల ఎక్స్‌కవేటర్లు, కంప్రెసర్లు, వీటన్నిటితోపాటు ఆర్టీసీ బస్సులు, లారీలు ఇక్కడ డీజిల్‌తోనే నడుస్తాయి. ఈ యంత్రాల్లో ఇంధన సంబంధమైన లోపాలు అధిక భాగం ఖరీదైన ఇంజెక్షన్ పంపులో పుట్టవు. పంపుకు ముందున్న అల్పపీడన భాగంలోకి గాలి, నీరు, దుమ్ము చేరడం వల్ల పుట్టి, పట్టించుకోకపోతే పంపు దాకా పాకుతాయి. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే లోపనిర్ధారణలో సగం పని సులువవుతుంది.

ఇంధనం నడిచే దారి

1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ విజయవంతంగా నడిపి చూపిన ఇంజను సంపీడన గాలితో ఇంధనాన్ని లోపలికి ఊదేది, అందుకోసం దానికి బరువైన కంప్రెసరు తోడుండవలసి వచ్చేది. 1927లో బాష్ సంస్థ వరుస ఇంజెక్షన్ పంపును పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాక ఆ కంప్రెసరు అవసరం తీరి, లారీకి, ట్రాక్టరుకు సరిపడే చిన్న ఇంజన్లు వ్యాపించాయి. భారతదేశంలో 1946లో పుణెలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్, 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ స్థాపితమయ్యాయి. రెండోదాని సంక్షిప్త నామమైన మైకో మెకానిక్కుల నోట ఇంజెక్షన్ పంపుకు మారుపేరుగా నిలిచింది. సంస్థ పేరు తరువాత బాష్‌గా మారినా షెడ్లలో ఇప్పటికీ మైకో పంపు అన్న మాటే వినిపిస్తుంది. బావుల మీద, వాగుల ఒడ్డున నీరు తోడిన ఆయిల్ ఇంజన్లతోనే ఈ ప్రాంతపు రైతులకు డీజిల్ యంత్రంతో తొలి పరిచయం కలిగింది.

సాధారణ ట్రాక్టరులో ఇంధనం ట్యాంకు అడుగున ఉన్న జాలీ గుండా బయలుదేరి, నీటిని విడదీసే గాజు బుడ్డి లేదా సెడిమెంటరు దాటి, ఫీడ్ పంపుకు చేరుతుంది. ఫీడ్ పంపు మీద చేత్తో నొక్కే ప్రైమరు ఒకటి ఉంటుంది. అక్కడి నుంచి ఒకటి లేదా రెండు ఫిల్టర్ల గుండా ఇంజెక్షన్ పంపులోకి పోతుంది. ఇంతవరకు ఉన్నది అల్పపీడన భాగం. ఇంజెక్షన్ పంపులో ప్రతి సిలిండరుకూ ఒక ప్లంజరు, అది కదిలే బ్యారెల్ ఉంటాయి, ఈ జతనే ఎలిమెంటు అంటారు. ఈ రెండిటి మధ్య ఖాళీ రెండు నుంచి నాలుగు మైక్రాన్లు మాత్రమే, అంటే తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఆ సందును మూసి ఉంచేదీ, రెండు లోహాలు ఒరుసుకోకుండా కందెనగా పనిచేసేదీ డీజిలే. పంపు నుంచి ఉక్కు పైపుల గుండా ఇంజెక్టరుకు చేరిన ఇంధనం, నాజిల్ సూదిని పట్టి ఉంచిన స్ప్రింగు బలాన్ని మించిన పీడనానికి రాగానే సూదిని లేపుకుని లోపలికి చిమ్ముతుంది. నేరుగా దహన గదిలో చిమ్మే బహురంధ్ర నాజిళ్లలో ఈ పీడనం సుమారు 180 నుంచి 250 బార్లు. సూది పక్కల నుంచి కారిన కొద్దిపాటి డీజిల్ రిటర్న్ పైపు గుండా వెనక్కి వెళ్తుంది.

పరీక్షించే వరుస

నిర్ధారణకు మొదటి ప్రశ్న పొగను గురించినది. ఇంజను లేవనప్పుడు స్టార్టరుతో తిప్పుతూ సైలెన్సరు వైపు చూడాలి. పొగ ఏమాత్రమూ రాకపోతే ఇంధనం సిలిండరుకు చేరడం లేదని అర్థం. తెల్లని పొగ వస్తూ ఇంజను అంటుకోకపోతే ఇంధనం చేరుతున్నది కాని మండడం లేదని అర్థం. మొదటి సందర్భంలో ట్యాంకు నుంచి ముందుకు వెతకాలి. రెండో సందర్భంలో కంప్రెషను, బ్యాటరీ తిప్పే వేగం, గ్లో ప్లగ్గులు, ఇంజెక్షన్ టైమింగు, డీజిల్‌లో నీరు మొదలైనవాటిని చూడాలి. ఈ ఒక్క తేడాను గమనించకుండా నేరుగా పంపు బోల్టుల మీద స్పానరు వేయడం వల్ల ఒక పూట పనికి పోవలసిన ఖర్చు ఒక సీజను ఆదాయాన్ని మింగిన సందర్భాలు రైతులకు కొత్తవి కావు.

పొగ లేనప్పుడు చూడవలసినవి చిన్న విషయాలే. ట్యాంకులో డీజిల్ ఉన్నదా, అడుగు కాక్ తెరిచి ఉన్నదా, ఇంజనును ఆపే స్టాప్ లీవరు పూర్తిగా వెనక్కి వచ్చిందా, విద్యుత్తుతో పనిచేసే స్టాప్ సోలెనాయిడ్ ఉన్న బండ్లలో తాళం తిప్పగానే దాని నుంచి చిన్న చప్పుడు వస్తున్నదా అన్నవి ముందు తేలాలి. తరువాత ఇంజెక్షన్ పంపుకు వచ్చే పైపును వదులు చేసి ప్రైమరు నొక్కితే డీజిల్ నిండు ధారగా రావాలి. ధార సన్నగా ఉంటే ఫిల్టరు లేదా జాలీ పూడి ఉంటుంది. బుడగలతో వస్తే ఎక్కడో గాలి లోపలికి పోతున్నది. ధార బాగుండి కూడా ఇంజెక్టరు వద్ద నట్టు వదులు చేసినప్పుడు డీజిల్ కొట్టకపోతే అప్పుడు మాత్రమే పంపును అనుమానించాలి.

ట్యాంకు మూతకున్న గాలి రంధ్రాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. డీజిల్ ఖర్చయ్యే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావడానికి ఏర్పాటైన ఈ రంధ్రం కరిగెట బురదతోనో, కోత దుమ్ముతోనో పూడుకుంటే ట్యాంకులో శూన్యత ఏర్పడి, అరగంటో గంటో బాగా నడిచిన ఇంజను క్రమంగా బలం తగ్గి ఆగిపోతుంది. కొంతసేపటికి మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. మూత వదులు చేసినప్పుడు బుస్సుమని గాలి లోపలికి పోయే శబ్దం వినిపిస్తే కారణం తేలినట్లే.

గాలి చేరడం

మెకానిక్కులు ఎయిర్ పట్టింది అనే ఈ లోపం అన్నిటికంటె తరచుగా కనిపిస్తుంది, అన్నిటికంటె ఎక్కువగా తికమక పెడుతుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్న పైపులో డీజిల్ పీల్చబడుతుంది కనుక, పంపు ట్యాంకు కంటె ఎత్తులో ఉన్నప్పుడు ఆ పైపులోని పీడనం బయటి గాలి పీడనం కంటె తక్కువగా ఉంటుంది. అలాంటి చోట పైపుకు పగులు వచ్చినా, వాషరు సరిగా కూర్చోకపోయినా డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందువల్ల తడి మరక కోసం వెతికేవారికి ఈ లోపం కనిపించదు. ఫీడ్ పంపు తరువాతి భాగంలో ఇందుకు విరుద్ధంగా లీకు ఉన్న ప్రతి చోటా డీజిల్ చెమ్మ దుమ్మును పట్టుకుని నల్లగా కనిపిస్తుంది. రాత్రంతా ఆగిన ఇంజను పొద్దున ఎంతకీ లేవకపోయినా, లేచిన రెండు నిమిషాలకే ఊగిసలాడి ఆగిపోయినా పీల్చే వైపు గాలి చేరుతున్నదని అనుమానించవచ్చు. రబ్బరు పైపులు ఎండకు పెళుసెక్కడం, సీజను కాని నెలల్లో కొట్టంలో ఉన్న బండి పైపులను ఎలుకలు కొరకడం, గాజు బుడ్డి కింద పాత వాషరునే మళ్లీ వేయడం ఇందుకు సాధారణ కారణాలు.

దీనిని తేల్చడానికి రెండు తేలికైన పద్ధతులున్నాయి. ఫీడ్ పంపు ముందున్న పైపులో ఒక ముక్క తీసి పారదర్శకమైన గొట్టం పెడితే బుడగలు కంటికి కనిపిస్తాయి. లేదా శుభ్రమైన డీజిల్ డబ్బాను పంపు కంటె ఎత్తున వేలాడదీసి, దాని నుంచి నేరుగా ఫీడ్ పంపుకు పైపు కలిపితే, ఇంజను చక్కగా నడిచినప్పుడు లోపం ట్యాంకు వైపున, నడవనప్పుడు పంపు వైపున ఉన్నదని రెండు ముక్కలుగా తేలుతుంది. రెండో పద్ధతికి పనిముట్లేవీ అక్కరలేదు కనుక చేను గట్టున ఇది ఎంతో విలువైనది.

గాలి తీయడాన్ని బ్లీడింగు అంటారు. ముందు ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేవరకు ప్రైమరు నొక్కి, డీజిల్ ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి. తరువాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ వద్ద ఇదే పని చేయాలి. చివరగా ఇంజెక్టర్ల నట్లు వదులు చేసి ఇంజనును తిప్పి, డీజిల్ కొట్టగానే బిగించాలి. వరుస తప్పితే వెనక మిగిలిన గాలి ముందుకు వచ్చి శ్రమ వృథా అవుతుంది. గాలి తీసిన బండి ఒకటి రెండు రోజుల్లో మళ్లీ అదే స్థితికి వస్తే మరోసారి గాలి తీయడం పరిష్కారం కాదు, గాలి చేరే చోటును పట్టుకోవాలి.

నీరు, మురికి, దుమ్ము

వరికోత యంత్రం సంవత్సరంలో రెండు కోతల మధ్య నెలల తరబడి నిలిచి ఉంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగలు వేడెక్కి రాత్రి చల్లబడే గాలిలోని తేమ గోడలపై నీటి బొట్లుగా మారి అడుగుకు చేరుతుంది. నీరు డీజిల్ కంటె బరువైనది కనుక కిందనే ఉండి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. నీరు, డీజిల్ కలిసే పొర వద్ద మన వాతావరణపు వెచ్చదనంలో సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగట పదార్థంగా మారి కొత్త ఫిల్టరును సైతం కొద్ది రోజుల్లో పూడ్చేస్తాయి. ఫిల్టరు మార్చిన వారానికే మళ్లీ పూడితే ట్యాంకును విప్పి కడగడం తప్ప వేరే మార్గం లేదు. నీరు నాజిల్ వరకు పోతే అక్కడి వేడికి ఒక్కసారిగా ఆవిరై నాజిల్ మొనను దెబ్బతీస్తుంది, ప్లంజరు మీది కందెన పొరను చెరిపి పట్టేసేలా చేస్తుంది. యంత్రాన్ని నిలిపే ముందు ట్యాంకు నిండా డీజిల్ నింపడం, రోజూ పొద్దున ఇంజను లేపకముందే సెడిమెంటరు అడుగు స్క్రూ వదులు చేసి నీరు వదిలేయడం ఇందుకు నివారణ. రాత్రంతా కదలకుండా ఉన్న ట్యాంకులోనే నీరు పూర్తిగా అడుగుకు దిగుతుంది కనుక ఈ పనిని పొద్దుననే చేయాలి.

పొలం వద్దకు డ్రమ్ముల్లో డీజిల్ తెచ్చి బకెట్లతో పోయడం కోతల కాలంలో తప్పనిసరి అవుతుంది. ఈ ఒక్క పద్ధతి పంపులకు చేసే చేటు ఇంకేదీ చేయదని చెప్పినా అతిశయోక్తి కాదు. తెచ్చిన డ్రమ్మును కదపకుండా కొన్ని గంటలు ఉంచి, అడుగు నుంచి నాలుగైదు అంగుళాల పైభాగం వరకే తోడి, సన్నని జాలీతో వడగట్టి పోస్తే చాలా లోపాలు పుట్టకుండానే పోతాయి. జింకు పూత ఉన్న డ్రమ్ములు డీజిల్ నిలవకు పనికిరావు. డీజిల్‌లోని ఆమ్ల గుణం గల పదార్థాలతో జింకు కలిసి సబ్బువంటి మడ్డి ఏర్పడి ఫిల్టర్లను పూడుస్తుంది.

దుమ్ములన్నీ ఒక రకం కావు. గ్రానైట్ పొడిలోను, సింగరేణి గనుల్లో బొగ్గు పైన పరుచుకున్న గోండ్వానా ఇసుకరాళ్ల పొడిలోను ఉండే క్వార్ట్‌జ్ రేణువు గట్టిదనంలో పంపు ఉక్కుకు తీసిపోదు. అది ప్లంజరు, బ్యారెల్ సందులోకి చేరితే నిలువు గీతలు గీస్తుంది, ఆ గీతల గుండా డీజిల్ వెనక్కి కారి పీడనం పెరగదు. ఇంజను తక్కువ వేగంలో లేవడం కష్టమై, లేచాక మామూలుగా నడుస్తున్నట్లు కనిపించడం ఈ అరుగుదలకు తొలి గుర్తు. క్వారీల్లో, గనుల్లో ఫిల్టరు మార్చే గడువును తయారీదారు చెప్పిన గంటల కంటె ముందుకు జరుపుకోవాలి. అయితే ఫిల్టరు మార్చేటప్పుడు కొత్త ఫిల్టరులోకి వడగట్టని డీజిల్ పోసి బిగించే అలవాటు మాత్రం మానుకోవాలి, ఎందుకంటే ఫిల్టరు నడిగొట్టం గుండా పోసిన డీజిల్ వడపోతను తప్పించుకుని నేరుగా పంపులోకి పోతుంది.

చలి, ఎండ

ఉత్తర తెలంగాణ ఇంధన లోపాల్లో ఋతువు ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల అటవీ, కొండ ప్రాంతాల్లో డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల లోపుకు దిగడం మామూలు, కొన్ని చోట్ల 5 డిగ్రీల దరిదాపులకు కూడా పోతుంది. రామగుండం, మంచిర్యాల బొగ్గు పట్టీలో మే నెలలో 45 డిగ్రీలు దాటుతుంది. ఒకే బండి ఈ రెండు కొసలనూ చూస్తుంది.

డీజిల్‌లో సహజంగా ఉండే మైనం చలికి స్ఫటికాలుగా గడ్డకట్టి ఫిల్టరు కాగితాన్ని కప్పేస్తుంది. ఎంత చలి వరకు డీజిల్ నిర్ణీత ఫిల్టరు గుండా పారగలదో తెలిపే హద్దును భారతీయ ప్రమాణం ఐఎస్ 1460 రెండు రకాలుగా నిర్దేశించింది: శీతాకాలపు డీజిల్‌కు గరిష్ఠంగా 6 డిగ్రీలు, వేసవి డీజిల్‌కు 18 డిగ్రీలు. వేసవి డీజిల్ నిజానికి చాలాసార్లు ఆ హద్దు కంటె మెరుగ్గానే ఉంటుంది. కాని వానాకాలంలో డ్రమ్ముకు ఎత్తి ఉంచిన డీజిల్‌ను జనవరి పొద్దున ఉట్నూరు దగ్గర వాడితే, అది 8 డిగ్రీల చలిలో పారకపోయినా ప్రమాణాన్ని తప్పినట్లు కాదు. దీని గుర్తు విలక్షణంగా ఉంటుంది. ఇంజను మామూలుగా లేచి, పంపులో ఉన్న డీజిల్ అయిపోయేవరకు కొద్ది నిమిషాలు నడిచి, బలం తగ్గి ఆగుతుంది. ఎండ ఎక్కాక ఏ మరమ్మతూ లేకుండానే నడుస్తుంది. ఫిల్టరు మీద వేడినీళ్ల గుడ్డ చుట్టడం సరైన ఉపాయం. ట్యాంకు కింద మంట పెట్టడం ప్రాణాపాయకరం. పల్చబడుతుందని కిరోసిన్ కలపడం వల్ల మైనం కరిగినా పంపు కందెన పోతుంది.

చలిలో ఇంజను లేవని సందర్భాలన్నిటికీ మైనమే కారణమని అనుకోకూడదు. ఆదిలాబాద్ చలికి తోడు అరిగిన రింగులు, నీరసించిన బ్యాటరీ కలిస్తే కుదించిన గాలి తగినంత వేడెక్కదు. అప్పుడు తెల్లని పొగ దట్టంగా వస్తుంది. మైనం పట్టినప్పుడు పొగే రాదు.

ఎండకాలపు లోపం ఇందుకు తలకిందులు. డీజిల్ చిక్కదనం 40 డిగ్రీల వద్ద 2.0 నుంచి 4.5 సెంటీస్టోకుల మధ్య ఉండాలని ప్రమాణం. లోడు లాగి ఆగిన ఇంజను పక్కన పంపు శరీరం అంతకు మించి వేడెక్కినప్పుడు డీజిల్ ఇంకా పల్చబడుతుంది. అరిగిన పంపులో, ముఖ్యంగా ఒకే రోటరుతో అన్ని సిలిండర్లకూ పంచే రోటరీ పంపులో, స్టార్టరు తిప్పే మందగతిలో ఆ పల్చని డీజిల్ సందుల గుండా కారిపోయి ఇంజెక్టరును తెరిచే పీడనం రాదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు సుఖంగా లేచిన బండి మధ్యాహ్నం ఆపి మళ్లీ లేపబోతే మొరాయిస్తుంది. ఆపిన ఇంజను పంపు మీద కొంతసేపు తడి గుడ్డ కప్పి ఉంచాక లేస్తే అరుగుదల నిర్ధారణ అయినట్లే. కొందరు చేసేట్లు నడుస్తున్న వేడి పంపు మీద చెంబుతో చన్నీళ్లు గుమ్మరిస్తే పై లోహం ఒక్కసారిగా కుంచించుకుని రోటరు పట్టేసే ప్రమాదం ఉంది.

ఎండ వల్ల కలిగే మరో అనుమానం కల్తీకి సంబంధించినది. డీజిల్ సాంద్రతను 15 డిగ్రీల వద్ద ఉండే విలువకు మార్చి చెప్పడం నియమం. ప్రతి డిగ్రీకి ఘనపు మీటరుకు సుమారు 0.7 కిలోల చొప్పున సాంద్రత తగ్గుతుంది కనుక 15 డిగ్రీల వద్ద 835 ఉన్న మంచి డీజిల్ 40 డిగ్రీల వద్ద హైడ్రోమీటరులో 817 దగ్గర కనిపిస్తుంది. దానిని చూసి కిరోసిన్ కలిసిందని నిర్ణయించడం తప్పు. ఉష్ణోగ్రతను కూడా కొలిచి, బంకులో ఉండే పట్టికతో సవరించాకనే ఆ రోజు నమోదు చేసిన సాంద్రతతో పోల్చాలి, ఈ పరీక్ష చేయించమని అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉంది. నిజంగా కిరోసిన్ కలిసిన చోట, రేషను కిరోసిన్‌కు వేసే నీలి రంగు ఛాయ కొన్నిసార్లు కనిపిస్తుంది. ఇంజను బలం తగ్గడం, పంపు త్వరగా అరగడం కల్తీ లక్షణాలే అయినా అవి ఆలస్యంగా బయటపడతాయి.

పొగ, శబ్దం, ఇంజెక్టరు

నల్లని పొగ గాలికి తగినదాని కంటె ఎక్కువ డీజిల్ పడుతున్నదని తెలుపుతుంది. నాజిల్ సూది సరిగా మూసుకోక కారడం, పంపు ఎక్కువ డీజిల్ ఇచ్చేలా బిగించడం ఇందుకు కారణాలు. అయితే వరికోత సమయంలో నల్లపొగ వచ్చిన యంత్రంలో ముందుగా చూడవలసింది ఎయిర్ ఫిల్టరును; పొట్టు, దుమ్ము పట్టి గాలి అందకపోయినా ఇదే పొగ వస్తుంది, దానికి నాజిళ్లు మార్చిన ఖర్చు వృథా. నీలి పొగ ఇంజను ఆయిలు మండడం వల్ల వచ్చేది, దానికీ ఇంధన వ్యవస్థకూ చాలామేరకు సంబంధం లేదు. టైమింగు ముందుకు జరిగితే ఇంజను గట్టిగా కొట్టుకుంటుంది, వెనక్కి జరిగితే బలం తగ్గి, వేడెక్కి, తెల్లపొగకు దారి తీస్తుంది. పంపును విప్పి మళ్లీ బిగించేటప్పుడు పాత గుర్తును చూసుకోకపోవడమే ఎక్కువ సందర్భాల్లో ఇందుకు మూలం.

ఒక సిలిండరు పనిచేయక ఇంజను తడబడడాన్ని మిస్సింగు అంటారు. పాత పద్ధతి పంపులున్న ఇంజన్లలో ఐడిల్‌లో నడుస్తుండగా ఒక్కొక్క ఇంజెక్టరు నట్టును కొద్దిగా వదులు చేసి చూడాలి. బాగున్న సిలిండరుది వదులు చేస్తే ఇంజను శబ్దం వెంటనే మారి వేగం పడిపోతుంది. వదులు చేసినా ఏ మార్పూ రాని సిలిండరే పనిచేయనిది. ఆ ఇంజెక్టరును పక్క సిలిండరుకు మార్చి వేసినప్పుడు లోపం దానివెంట వెళ్తే నాజిల్‌దే తప్పు, వెళ్లకపోతే కంప్రెషనో, పంపులోని ఆ ఎలిమెంటో కారణం.

విప్పిన ఇంజెక్టరును చేతి పంపుతో పనిచేసే నాజిల్ టెస్టరు మీద పెట్టి మూడు విషయాలు చూస్తారు. నిర్ణీత పీడనం వద్ద తెరుచుకోవాలి, తక్కువైతే స్ప్రింగు మీద పలుచని షిమ్ వేసి సరిచేస్తారు. తుంపర అన్ని రంధ్రాల నుంచి సమానంగా, పొగమంచులా రావాలి. తెరుచుకునే పీడనానికి 10 నుంచి 20 బార్ల దిగువన పది సెకన్లు పట్టి ఉంచితే మొన వద్ద బొట్టు రాలకూడదు. ఈ పరీక్షలో చిమ్మే డీజిల్ చర్మాన్ని ఛేదించి రక్తంలో కలిసేంత వేగంతో వస్తుంది. అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే శస్త్రచికిత్స అవసరమయ్యే అత్యవసర స్థితి అది, ఆయింటుమెంటు రాసి ఊరుకోకూడదు.

డిప్‌స్టిక్ మీద ఇంజను ఆయిలు మట్టం పెరగడం, దానికి డీజిల్ వాసన రావడం తరచు నిర్లక్ష్యానికి గురయ్యే గుర్తులు. ఫీడ్ పంపు డయాఫ్రం చినిగినా, పంపు షాఫ్టు సీలు పోయినా, నాజిల్ కారినా డీజిల్ ఆయిలులో కలుస్తుంది. పల్చబడ్డ ఆయిలు బేరింగులను కాపాడలేదు కనుక ఈ బండిని ఆ క్షణమే ఆపాలి. పంపులో డీజిల్ మోతాదును మార్చే ర్యాక్ పట్టేసి ఇంజను అదుపు తప్పి వేగం పెరిగిపోతే స్టాప్ లీవరు పనిచేయకపోవచ్చు. అప్పుడు గాలి పీల్చే గొట్టాన్ని గట్టి పలకతో మూసి ఆపాలి, చేతిని అడ్డు పెట్టకూడదు.

మరమ్మతు వ్యవస్థ, కామన్ రైల్ ఇంజన్లు

ఇంజనును విప్పకముందే లోపాన్ని పసిగట్టడంలో ఆర్టీసీ డిపోల అలవాటు ఆదర్శప్రాయమైనది. ప్రతి బస్సుకూ లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తున్నదో లెక్క కట్టి, దానిని కె.ఎం.పి.ఎల్. అనే పేరుతో నమోదు చేస్తారు. ఒక బస్సు లెక్క అదే రూటులోని తోటి బస్సుల కంటె వరసగా తగ్గినప్పుడు ఇంజెక్టర్లు, టైమింగు, ఎయిర్ ఫిల్టరు, బ్రేకుల పట్టును పరీక్షకు తీసుకుంటారు. ట్రాక్టరు రైతు కూడా గంటకు ఎన్ని లీటర్లు కాలుతున్నదో ఒక పుస్తకంలో రాసుకుంటే ఈ లాభమే పొందవచ్చు. పంపు, నాజిల్ మరమ్మతుకు మాత్రం టెస్ట్ బెంచి ఉన్న వర్క్‌షాపు తప్పదు. బెంచి మీద ప్రతి ఎలిమెంటు ఇచ్చే డీజిల్‌ను గాజు గొట్టాల్లో కొలిచి సమానం చేయకుండా కంటి అంచనాతో స్క్రూలు తిప్పితే సిలిండర్ల మధ్య భారం చెడి పిస్టన్లే కాలిపోవచ్చు. ప్రభుత్వ ఐటిఐలలో ఏడాది కాలపు మెకానిక్ డీజిల్ కోర్సు ఈ పనికి పునాది వేస్తుంది.

దేశమంతటా 2017 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్-4, 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చాక డీజిల్‌లో గంధకం మిలియనుకు 50 పాళ్ల నుంచి 10 పాళ్లకు తగ్గింది. గంధకాన్ని తొలగించే శుద్ధిలో సహజమైన కందెన గుణమూ తగ్గుతుంది కనుక రిఫైనరీలు దానికి కందెన పదార్థాన్ని కలుపుతాయి. కొత్త బస్సులు, లారీలు కామన్ రైల్ పద్ధతికి మారాయి. ఇందులో ఒక పంపు అన్ని ఇంజెక్టర్లకూ ఉమ్మడిగా ఉన్న ఉక్కు గొట్టంలో డీజిల్‌ను వెయ్యి నుంచి రెండు వేల బార్ల వరకు పీడనంతో నింపి ఉంచుతుంది, ఎప్పుడు ఎంత చిమ్మాలో కంప్యూటరు నిర్ణయించి ఇంజెక్టరుకు విద్యుత్ సంకేతం పంపుతుంది. ట్రాక్టర్లలో 50 అశ్వశక్తి దాటినవాటికి మాత్రమే 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 ఉద్గార ప్రమాణం వర్తించింది. ఈ ప్రాంతంలో ఎక్కువగా కనిపించే 50 అశ్వశక్తి లోపు ట్రాక్టర్లలో పాత యాంత్రిక పంపులే కొనసాగుతున్నాయి కనుక ఒకే షెడ్డులో రెండు తరాల ఇంజన్లు పక్కపక్కన నిలబడుతున్నాయి, అసలు ప్రమాదం అక్కడే ఉంది. నడుస్తున్న ఇంజనులో ఇంజెక్టరు నట్టు వదులు చేసే పాత పరీక్షను కామన్ రైల్ మీద చేస్తే ఆ పీడనపు ధార చేతిని చీల్చగలదు. ఈ ఇంజన్లలో పైపును తాకకముందు ఇంజను ఆపి పీడనం దిగేవరకు ఆగాలి.

కామన్ రైల్ ఇంజను లేవకపోతే స్కానరు కలిపి, స్టార్టరు తిప్పుతున్నప్పుడు రైలు పీడనం ఎంతకు వస్తున్నదో చూడాలి. చాలా ఇంజన్లకు 200 నుంచి 300 బార్లయినా రాకపోతే కంప్యూటరు ఇంజెక్టర్లను తెరవనే తెరవదు. పీడనం రాకపోవడానికి పంపే కారణమని వెంటనే నిర్ణయించకూడదు. ప్రతి ఇంజెక్టరు రిటర్న్ గొట్టాన్ని వేర్వేరు గాజు సీసాల్లో పెట్టి ఒక నిమిషం తిప్పితే, మిగతావాటి కంటె ఎన్నో రెట్లు ఎక్కువ డీజిల్ ఒక సీసాలో నిండినప్పుడు ఆ ఇంజెక్టరే రైలు పీడనాన్ని వెనక్కి వదిలేస్తున్నదని తెలుస్తుంది. ఇక్కడ కూడా స్కానరు చూపే కోడ్‌ను అక్షరాలా నమ్మడం కంటె ముందు అల్పపీడన భాగాన్ని చూడడమే సరైనది, పూడిన ఫిల్టరు కూడా రైలు పీడనం తక్కువ అనే కోడ్‌నే చూపిస్తుంది. విప్పిన పైపుల కొసలను వెంటనే శుభ్రమైన మూతలతో బిగించాలి, నూలుపోగులు రాలే వేస్టు గుడ్డను దగ్గరికి రానీయకూడదు. ఇంజెక్టరు మార్చిన చాలా ఇంజన్లలో దాని తల మీద చెక్కిన సంకేతాక్షరాలను స్కానరు ద్వారా కంప్యూటరులో నమోదు చేయాలి; చేయకపోతే కొత్త ఇంజెక్టరు పాతదాని కొలతలతోనే డీజిల్ చిమ్ముతూ, ఏ లోపమూ లేని ఇంజను పొగతో, తడబాటుతో నడుస్తుంది.